ముడి వేయని మోకు

మా వదిన సైదమ్మ గుప్పెడు ఎండుమిరపకాయలు చేతిలోకి తీసుకుని కళ్ళు మూసుకుందంటే, కోల్డ్ స్టోరేజి దగ్గర వ్యాపారులు మాటలు ఆపేసేవాళ్ళు. కాయల్ని నలిపేది కాదు. వేళ్ళ మధ్య ఒకసారి దొర్లించి "పదమూడు" అనేది. తేమ కొలిచే మీటరు పెడితే పదమూడే. ఒకసారి మీటరు పదకొండని చూపించింది. వదిన మాట మార్చలేదు. మూడో రోజున ఆ మీటరునే మరమ్మతుకి పంపారు.

ఆ వేళ్ళ సంగతి మా ల్యాబులో చెప్పింది నేనే. చెప్పకుండా ఉండాల్సిందని అనుకున్న రోజులున్నాయి. ఇప్పుడు అనుకోవడం లేదు.

మా ల్యాబంటే నరసరావుపేట రోడ్డులో మూతపడిన ఒక జిన్నింగు మిల్లు. దూలాల మీద పత్తి దూది ఇంకా వేలాడుతుండగానే అందులో దిగి, పేకముక్కలు తయారుచేయడం మొదలుపెట్టాం. ఇంజనీరింగు చదివి పేకముక్కలు చేస్తున్నానంటే మా ఊరు తుమ్మలగొందిలో నవ్వనివాడు లేడు. వదిన తండ్రి పేరయ్య నాకు మేనమామ. ఆయనైతే నేను కనబడ్డప్పుడల్లా ఒకటే అడిగేవాడు.

"ఏం అల్లుడూ, మీ క్లబ్బుకి పోలీసులు ఇంకా రాలేదా?"

అవి ఉత్త ముక్కలు కావు. అప్పటికి ఆకాశంలో కట్టిన పెద్ద విడుదులు రెండు విరిగిపోయాయి. మనుషులు దిగివచ్చాక విరిగాయి కాబట్టి సరిపోయింది. అక్కడ గంటన్నరకొకసారి పొద్దు పొడిచి గుంకుతుంది. ఎండలో సాగి, నీడలో ముడుచుకుని, రోజుకు పదహారుసార్లు ఒళ్ళు విరుచుకుంటూ ఆ కట్టడాలు ఊగడం మొదలుపెట్టాయి. ఊపు పెరిగి పెరిగి కీళ్ళ దగ్గర తెగాయి. కంప్యూటర్లు వేసిన లెక్కలో తప్పు దొరకలేదు. రెండూ తప్పులేకుండానే విరిగాయి.

దాంతో పద్నాలుగు దేశాలు కలిసి, లెక్కకి అందనిది మనిషి చేతికి అందుతుందేమో చూద్దామని ఒక పోటీ పెట్టాయి. ఆట పేరు ఆకాశమిద్దె. తొంభై ఆరు ముక్కలు. ఒకటి గాలి గది, ఒకటి నీళ్ళ తొట్టి, ఒకటి ఎండ పలక, ఒకటి ఓడలు వచ్చి ఆగే రేవు. వాటిని పట్టి ఉంచడానికి తాడు ముక్కలు, తాళం ముక్కలు. ఎదుటివాడి మీద వేయడానికి కష్టం ముక్కలు. ఇద్దరు ఆటగాళ్ళు ఎదురెదురుగా కూర్చుని ఎవరి మిద్దె వాళ్ళు పరుచుకుంటారు. పరచడం అయ్యాక బల్ల ఇరవై ఏళ్ళని ఇరవై నిమిషాల్లో నడిపిస్తుంది. ఎవరి మిద్దె నిలబడితే వాళ్ళు గెలిచినట్టు. కడపటి ఆటలో గెలిచిన మిద్దెని నిజంగానే కడతారు.

మా వంతు పని ముక్కలకి ప్రాణం పోయడం. మా పెద్ద డాక్టర్ ఇందుమతి గారు ఒక పొర కనిపెట్టారు. ముక్కకి అతికిస్తే అది గుంజుతుంది, వెచ్చబడుతుంది, వణుకుతుంది. నిజం కట్టడంలో ఆ గది మీద ఎంత బరువు పడుతుందో అదంతా వేలికి తెలుస్తుంది. పొరని అచ్చుపోసేది నేను. దాన్ని చదవగల వేళ్ళ కోసం వీణ వాయించేవాళ్ళని పిలిపించాం, కంటి ఆపరేషన్లు చేసే డాక్టర్లని పిలిపించాం. అందరూ "ఏదో జిలజిలమంటోంది" అన్నారు.

వదిన మొదటిరోజు చీర కొంగు నడుముకి చెక్కుకుని బల్ల ముందు కూర్చుంది. ఒక ఎండ పలక మీద వేలు పెట్టి నావైపు తిరిగింది.

"మరిదీ, ఇది ఆవలిస్తంది."

"అంటే?"

"సాగుతంది. ఎండ తగిలినట్టుంది దీనికి." వేలు పక్క ముక్క మీదికి జరిపింది. "దీనికి ఇంకా తగల్లా. అదుగో, ఇప్పుడు తగిలింది. రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుంటన్నయ్. తోడికోడళ్ళ మాదిరి."

ఇందుమతి గారు తెర మీద గీతలు చూసి, వదినని చూసి, మళ్ళీ గీతలు చూశారు.

"సైదమ్మగారూ, రేపట్నుంచి రండి," అన్నారు.

మూడు నెలల్లో వదిన మా ల్యాబులో అందరినీ ఓడించింది. ఆరో నెలలో చెన్నై జట్టుని, పూణె జట్టుని. కానీ ఒక తప్పు మాత్రం మానేది కాదు. తాడు ముక్క వేసినప్పుడల్లా పక్కన తాళం వేయాలి. వేయకపోతే బల్ల ఎర్రగా వెలిగి కుయ్యిమంటుంది, తాడు సడలి మిద్దె ఒరుగుతుంది. మిగతా గదుల పొందిక వల్లే అంతదాకా గెలుస్తూ వచ్చింది. వదిన తాళం వేసేది కాదు. చేతిలో నాలుగు తాళాలున్నా కింద పడేసేది.

"మర్చిపోతున్నారండీ," అన్నారు ఇందుమతి గారు ఓపిగ్గా.

"మర్చిపోలేదమ్మా. మోకుకి ముడెయ్యకూడదు."

ఇందుమతి గారిది విశాఖపట్నం. ఆవిడకి ఆ మాట అర్థం కాలేదు. నాకు అర్థమై నవ్వొచ్చింది.

మా వైపు శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకి ఊరూరూ ప్రభ కడుతుంది. వెదురుతో, సరుగుడు బాదులతో డెబ్భై ఎనభై అడుగుల ఎత్తు. దాన్ని బండి మీద నిలబెట్టి కొండ దాకా నడిపిస్తారు. చుట్టూ ఎనిమిది మోకులు, అంటే చేతి మణికట్టంత లావు తాళ్ళు, మనుషులు పట్టుకుని నడుస్తారు. ఏ మోకునీ గుంజకి గానీ బండి ఇరుసుకి గానీ కట్టరు. కడితే ప్రభ మీదికొస్తుందని మా ఊరి నమ్మకం. ఒకాయన చేతులు నొప్పెట్టి మోకుని ట్రాక్టరుకి ముడేశాడని ఆ తర్వాత ఎప్పుడూ ఆయన్ని ప్రభ దగ్గరికి రానీయలేదు. పేరయ్య మామ నలభై ఏళ్ళు మోకు మేస్త్రి. మొదటి మోకు ఆయనది. ఆయన అరుపు ఒకటే: "జారనియ్యండి, వదలమాకండి!"

అది మగవాళ్ళ పని. వదిన పన్నెండేళ్ళప్పుడు ఒక మోకు కొసని ముట్టుకుంటే, మామ ఆ మోకంతా పసుపునీళ్ళతో కడిగించాడట. ఆ సంగతి వదిన నవ్వుతూనే చెప్తుంది. మళ్ళీ మళ్ళీ చెప్తుంది.

"అది ప్రభ వదినా, ఇది పేకాట," అన్నాను. "తాళం వెయ్యి."

"ఆ పైన కూలిన రెండూ తాళమేసినయ్యేగా?"

వదిన నాలుగు తాడు ముక్కలూ దగ్గరికి చేర్చుకుని ఒక్కోదాని మీద రెండేసి వేళ్ళు ఆనించింది. "ముక్క మీద చెయ్యి తీయకూడదని రూలేమన్నా ఉందా?"

లేదు. ఎవరూ అలా ఆలోచించలేదు. ముక్క వేసి చెయ్యి తీయడానికి ఒక సెకను పడుతుంది. ఇరవై నిమిషాలు ఎవరు పట్టుకుంటారు?

బల్ల నడిచింది. మిద్దె ఊగింది. వదిన వేళ్ళ కింద తాడు ముక్కలు గుంజాయి. ఆమె వాటిని ఆపలేదు, వదల్లేదు. కొంచెం కొంచెంగా జారనిచ్చింది. తెర మీద ఊపు గీత చిన్నదవుతూ వచ్చింది. రెండు నిమిషాల్లో చెరువు నీళ్ళలా అణిగిపోయింది. ఇందుమతి గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ఎంత జారనిస్తున్నారు మీరు?"

"అడిగినంత."

ఆ సాయంత్రం ల్యాబులో అందరం మిరపకాయ బజ్జీలు తెప్పించుకుని పండగ చేసుకున్నాం. వదిన బజ్జీ పట్టుకోవడం నేను చూశాను. నూనెలోంచి తీసి పొగలు కక్కుతున్న బజ్జీ. మేమందరం ఊదుకుంటుంటే ఆమె తాపీగా వేళ్ళతో పట్టుకుని మాట్లాడుతోంది. అదేమిటో ఆ పూట నా బుర్రకి ఎక్కలేదు.

నెలన్నర తర్వాత ఎక్కింది. మా అన్న మిరపకాయలు కోల్డ్ స్టోరేజికి పంపుతూ, ఎప్పటిలాగే వదిన చేత చూపించాడు. వదిన దొర్లించి "పదకొండు, ఎత్తండి" అంది. వాళ్ళు మీటరు కూడా పెట్టలేదు. ఆమె చెప్పాక ఎవరు పెడతారు? నెలలో ఆ బస్తాలన్నిటికీ బూజు పట్టింది. మా అన్న ఒక బూజు కాయ తెచ్చి అరుగు మీద పెట్టి, బర్రెల దగ్గరికి వెళ్ళిపోయాడు.

వదిన ఆ కాయని చేతిలోకి తీసుకుంది. దొర్లించింది. మళ్ళీ దొర్లించింది. చివరికి చెంపకి ఆనించుకుని చూసుకుంది.

గుంటూరులో నరాల డాక్టరు సూదితో గుచ్చి, దూదితో రాసి చూశాడు. పొర వేలిని నేరుగా తాకదు, నరానికి దెబ్బ మీద దెబ్బ కొడుతుంది. సెకనైతే ఏమీ కాదు. నిమిషాలు పట్టుకుంటే నరం అలిసిపోతుంది; సాధనలో వదిన ఒక్కోసారి ఐదారు నిమిషాలు పట్టింది. "ఇప్పుడు ఆపితే ఏడాదిలో చాలావరకు తిరిగొస్తుందమ్మా. ఒకేసారి ఇరవై నిమిషాలు పట్టుకుంటే మాత్రం ఇక రాదు," అన్నాడు.

కడపటి ఆటకి అప్పటికి తొమ్మిది రోజులుంది. బస్సులో వస్తూ నేను వదిన కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను.

"తాళం ముక్కలేసి ఆడు వదినా. ఓడిపోతే ఓడిపోతాం."

"నువ్వే ఒక జారే తాళం చెయ్యి మరిదీ. చదువుకున్నావుగా."

"ఎంత జారాలో నాకు తెలిస్తేగా! అది నీ వేళ్ళకే తెలుసు. ఇరవై ఏళ్ళ ఊపుకి నీ వేళ్ళు ఎట్టా జారతాయో ఒక్కసారి మొత్తం బల్ల రాసుకుంటే, అప్పుడు యంత్రానికి నేర్పొచ్చు. కానీ..."

"ఒక్కసారంటే ఒక్కసారేగా?"

నా మాట నాకే తగిలింది. ఫిరంగిపురం దాటాక వదిన కిటికీ వైపు నుంచి నావైపు తిరిగింది.

"పన్నెండేళ్ళప్పుడు నేను ముట్టుకున్న మోకుని కడిగించాడు మా నాయన," అంది. "ఇది ఆకాశానికి కట్టే మోకు. దీన్ని ఎవడు కడుగుతాడో చూస్తా."

కడపటి ఆటకి హైదరాబాదు వెళ్ళేముందు పొద్దున్నే మామకి చెప్పడానికి వెళ్ళాం. ఆయన పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. డాక్టరు చెప్పింది మొత్తం నేనే చెప్పాను, ఆపుతాడేమోనని. మామ విన్నాడు. పొయ్యిలోంచి కణకణలాడే నిప్పుని రెండు వేళ్ళతో తీసి చుట్ట వెలిగించుకుని, నిప్పుని తాపీగా వెనక్కి పెట్టాడు. చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. ఆ మొండితనానికి ఊళ్ళో పిల్లలం నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళం.

"ముడేస్తావా?" అని అడిగాడు కూతుర్ని.

"ఎయ్యను."

"పోయిరా," అన్నాడు.

అవతలి ఆటగాడు తానాబె అనే జపాన్ పెద్దాయన. ఓడలు కట్టే మనిషి. మూడేళ్ళుగా ఓటమి ఎరగడు. ఆయన ముక్క వేస్తే గడియారం ముల్లు కదిలినట్టుండేది, తాళం మీద తాళం వేసి ఎక్కడా సందు లేకుండా. వదిన నాలుగు తాళాలూ కింద పడేసినప్పుడు హాలంతా గుసగుసలు. వ్యాఖ్యానం చెప్పేవాడు "భారత క్రీడాకారిణి పొరపాటు చేశారు" అన్నాడు. మా జట్టు బల్ల దగ్గర ఇందుమతి గారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

వదిన వేళ్ళు ఆనించింది. బల్ల నడిచింది.

మొదటి ఏడు, రెండో ఏడు. ఎండ, నీడ, ఎండ, నీడ. ఐదో ఏట వదిన నుదుటి మీద చెమట పట్టింది. ఎనిమిదో ఏట గోళ్ళు తెల్లబడ్డాయి. తానాబె దాచుకున్న కష్టం ముక్కని పదకొండో ఏట వేశాడు: ఓడ వచ్చి రేవుని ఢీకొంది. వదిన మిద్దె మొత్తం ఒక పక్కకి ఒరిగింది. హాల్లో ఎవరో కెవ్వుమన్నారు. అలాంటప్పుడు ఎవరైనా ఎదుటి తాళ్ళని బిగబట్టి లాగుతారు. వదిన లాగలేదు. మిద్దె ఒరిగే వైపు తాళ్ళని ముందు బిగువు చేసుకుని, ఎదుటి వాటిని జారనిచ్చింది. మిద్దె వెనక్కి వచ్చేసరికి పట్టుకోవడానికి చేతులు సిద్ధంగా ఉన్నాయి. ఆమె పెదాలు కదులుతున్నాయి. వినబడకపోయినా నాకు తెలుసు: జారనియ్యండి, వదలమాకండి.

ఇప్పుడు వదిన వంతు. ఆమె దగ్గరా ఒక కష్టం ముక్క ఉంది. వేయాలంటే ఒక చెయ్యి తీయాలి. తీయలేదు. వేయాల్సిన అవసరం కూడా రాలేదు. పదహారో ఏట తానాబె కట్టిన ఆ అందమైన మిద్దె ఎవరూ తాకకుండానే, మధ్యలో ఒక తాళం దగ్గర పుటుక్కుమని తెగింది.

ఆట అక్కడితో అయిపోయింది. వదిన గెలిచింది. న్యాయనిర్ణేత లేచి నిలబడి చేతులు తీసేయొచ్చని సైగ చేశాడు. నేను పరిగెత్తుకెళ్ళాను. "చాలు వదినా, గెలిచావ్, తియ్యి!"

"ఇరవై కాలా."

"ఇంకా నాలుగు నిమిషాలు! ఆ నాలుగు తగ్గినా నీకు వేళ్ళు మిగుల్తాయేమో..."

"నువ్వేగా మొత్తం రాసుకోవాలన్నావ్? నాలుగేళ్ళు తక్కువైతే పైన ఉండే జనం ఏంగావాలి? పక్కకి జరుగు మరిదీ, ఎలుతురికి అడ్డమొస్తన్నావ్."

ఆ నాలుగు నిమిషాలూ హాలంతా నిలబడే ఉంది. ఇరవయ్యో ఏడు నిండి బల్ల ఆకుపచ్చగా వెలిగినప్పుడు ముందుగా చప్పట్లు కొట్టింది తానాబె. లేచి వచ్చి వదిన ముందు నడుము వంచి దణ్ణం పెట్టాడు. వదిన తిరిగి దణ్ణం పెట్టబోతే రెండు అరచేతులూ సరిగ్గా కలవలేదు. నేను మంచినీళ్ళ గ్లాసు అందించాను. చేత్తో పట్టుకుంది. మరుక్షణం గ్లాసు కింద పడి పగిలింది. పట్టు జారిందని ఆమెకి తెలియలేదు.

ఆమె చుట్టూ చూసి, "మా ఊళ్ళో టీవీలో చూస్తంటారా?" అని అడిగింది.

వేళ్ళు మళ్ళీ తిరిగిరాలేదు.

మిద్దె కట్టడానికి నాలుగేళ్ళు పట్టింది. దాని నాలుగు తాళ్ళ దగ్గరా నాలుగు యంత్రపు చేతులున్నాయి. వాటికి నేర్పింది ఆ ఇరవై నిమిషాలే. పద్నాలుగు దేశాల కాగితాల్లోనూ దాన్ని తుమ్మలగొంది పట్టు అంటారు. ఆ పేరు పెట్టమన్నది వదినే. పేరయ్య మామ కొన్నాళ్ళు అలిగాడు. "నలబయ్యేళ్ళు పట్టింది నేనా, ఊరా?" అని. వదిన ఇప్పుడు అన్నం చెంచాతో తింటుంది, జాకెట్టు హుక్కులు కోడలు పెడుతుంది. మిరపకాయల దగ్గరికి పోదు. మా అన్న మీటరు కొన్నాడు. అదొక ముదనష్టపు మీటరని రోజూ తిడతాడు.

కొన్ని రోజుల్లో పొద్దుగూకే వేళ మిద్దె మా ఊరి మీదుగా పోతుంది. ఆ టైముకి బడిపిల్లలు, కూలికి పోయి వచ్చినవాళ్ళు రోడ్డు మీదికొస్తారు. పక్కూరి బస్సు వచ్చినా జరగరు. "మా మోకు పోతంది, ఆగు," అంటారు డ్రైవరుతో.

మిద్దె పూర్తయిన ఏడాది శివరాత్రికి మా ఊరు ఎనభై నాలుగు అడుగుల ప్రభ కట్టింది. నడుమ కొన్నేళ్ళు క్రేనుతో ఎత్తారు. ఆ ఏడు క్రేను వద్దన్నారు కుర్రాళ్ళు. మోకులు కొత్తగా పేనారు. పొద్దున తొమ్మిదింటికి ప్రభ లేపాలి. పేరయ్య మామకి ఎనభై దాటాయి. కర్ర పోటేసుకుంటూ వచ్చి, మొదటి మోకు కొస ఎత్తి, అక్కడ నిలబడ్డ మగవాళ్ళందర్నీ దాటుకుంటూ ఆడవాళ్ళ గుంపు దగ్గరికి నడిచాడు. కూతురి ముందు ఆగాడు.

"పట్టు."

డప్పులు ఆగిపోయాయి. ఎవరో పెద్దాయన ఏదో అనబోతే మామ కర్ర ఎత్తాడు. ఆయన దగ్గి ఊరుకున్నాడు.

వదిన మోకుని చూసింది. కళ్ళు నిండాయి. "ఇప్పుడిస్తావా నాయనా? నా ఏళ్ళు చచ్చిపోయినయ్. ఎంత గుంజుతుందో నాకు తెలవదు. నలుగురి మీద కూలదోస్తా."

మామ నవ్వాడు. మోకు వదిలేసి తన రెండు అరచేతులూ చాపి కూతురి ముందు పెట్టాడు. బండలా నున్నగా, గీతలు చెరిగిపోయిన అరచేతులు.

"ఈటికి తెలవక ముప్పయ్యేళ్ళయింది అమ్మాయ్. మోకు జారి జారి ఎప్పుడో చచ్చినయ్. చెప్తే మేస్త్రితనం తీసేస్తారని చెప్పలా. నిప్పు పట్టుకుంటే మొండోడన్నారు, ఊరుకున్నా."

వదిన ఆ చేతులు ముట్టుకుంది. "మరి ఎట్టా పట్టావ్ ముప్పయ్యేళ్ళు?"

"చెప్పులిడువు."

మామ ప్రభ దగ్గర ఎప్పుడూ చెప్పులతో నిలబడలేదు. అది భక్తి అనుకున్నాం అందరం.

"మడాలు నేలకి తొక్కి నిలబడు. చేతులు పట్టుకునేదానికే. మోకు ఏమంటుందో మడాలకొస్తది. మొదటి ఏడు సరిగ్గా ఇనపడదు. నేను పక్కనుంటా."

వదిన చెప్పులు విడిచింది. కొంగు నడుముకి చెక్కుకుంది. మోకుని రెండు చేతులకీ చుట్టబోయి, ఆగి, చుట్ట విప్పేసి ఊరికే పట్టుకుంది. డప్పులు మొదలయ్యాయి. ఎనభై నాలుగు అడుగుల ప్రభ నేల మీంచి లేచి, నడుం దాకా వచ్చి, తూర్పుకి ఒరిగింది. జనం హోరుమన్నారు. వదిన కళ్ళు మూసుకుంది. మడాలు ఎర్రమట్టిలోకి దిగాయి.

"జారనియ్యండి," అని అరిచింది మా వదిన. "వదలమాకండి!"

ఎనిమిది మోకులూ ఆ మాట విన్నాయి.